మిర్రర్‌లో ఉన్న బూట్ డిస్కు మార్చడం, క్లోన్ తీయడం ఎలా?

"రెండు డిస్కులూ మిర్రర్‌లోనే ఉన్నాయి కదా, పాడైనది లాగేసి కొత్తది పెడితే అదే సర్దుకోదా?" నెలకు ఒకరైనా ఈ ప్రశ్నతో వస్తారు. మిర్రర్ అంటే ఒకే డేటాను రెండు డిస్కుల్లోనూ ఉంచడం కాబట్టి డేటా వరకు సర్దుకుంటుంది. తంటా అంతా బూటు దగ్గరే. మిర్రర్ అయ్యేది డిస్కు మొత్తం కాదు, అందులో ఒక పార్టిషన్ మాత్రమే. బూట్ కోడు ఉండే చిన్న పార్టిషన్లు మిర్రర్‌కు బయట ఉంటాయి. వాటిని కొత్త డిస్కు మీదికి మీరే చేర్చాలి. మరచిపోయినా సర్వరు ఏమీ అనదు, ఏడాదిపాటు హాయిగా నడుస్తుంది. రెండో పాత డిస్కు కూడా పోయిన రోజున రీబూట్ చేస్తే, నల్ల తెర మీద కర్సర్ ఒక్కటే మిణుకుమంటూ కూర్చుంటుంది.

ఇక్కడ ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో 13, ఆ తర్వాతి వెర్షన్ల పద్ధతి చెబుతున్నాను. రూటు జడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ మీద ఉందని, రెండు డిస్కుల మిర్రర్ అని, పార్టిషన్ టేబుల్ జీపీటీ అని, పూల్ (జడ్‌ఎఫ్‌ఎస్ డిస్కులు కలిసిన నిల్వ) పేరు ఇన్‌స్టాలర్ పెట్టే "జడ్‌రూట్" అని అనుకుందాం. బాగున్న డిస్కు ఏడీఏ0, మార్చాల్సింది ఏడీఏ1. ఎస్‌ఏఎస్ డిస్కులైతే పేరు డీఏతో, ఎన్‌వీఎంఈ అయితే ఎన్‌వీడీ లేదా ఎన్‌డీఏతో మొదలవుతుంది. మిగతా తంతు అదే.

కమాండ్లను పలికేటట్టే రాశాను, టైపు చేసేటప్పుడు వాటి మామూలు స్పెల్లింగే వాడాలి. ఆప్షన్లలో చిన్న అక్షరం, పెద్ద అక్షరం వేరు వేరు అర్థాలిస్తాయి కాబట్టి మాన్ పేజీ పక్కన తెరిచి ఉంచుకోండి.

కావలసినవి

- కొత్త డిస్కు. పాతదానంత లేదా అంతకంటే పెద్దది. డబ్బా మీద "1 టీబీ" అని ఒకేలా ఉన్నా సెక్టార్ల లెక్క కంపెనీని బట్టి మారుతుంది. "డిస్క్‌ఇన్ఫో -వీ" చూపించే లెక్కే నమ్మండి. ఒక్క సెక్టారు తగ్గినా చిక్కే.
- కన్సోల్. ఐపీఎంఐ (సర్వర్‌ను దూరం నుంచి నడిపే సదుపాయం) అయినా, సీరియల్ అయినా, నేరుగా మానిటరూ కీబోర్డూ అయినా సరే. ఎస్‌ఎస్‌హెచ్ ఒక్కటే ఉంటే ఈ పని మొదలుపెట్టకండి.
- వేరే మెషీన్‌లో ఉన్న బ్యాకప్. మిర్రర్ బ్యాకప్ కాదు.
- అదే వెర్షన్ ఇన్‌స్టాలర్ ఉన్న యూఎస్‌బీ.
- డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌మన్‌టూల్స్ ప్యాకేజీ.
- కాగితం, పెన్ను. నవ్వులాట కాదు, ఎందుకో రెండో మెట్టులో తెలుస్తుంది.

డిస్కు మార్చడం

1. ముందు బాగున్న డిస్కు నిజంగా బాగుందో లేదో చూడండి.

జడ్‌పూల్ స్క్రబ్ జడ్‌రూట్
జడ్‌పూల్ స్టేటస్ -వీ జడ్‌రూట్

స్క్రబ్ అంటే పూల్‌లోని డేటా అంతా చదివి సరిచూడటం, అది పూర్తయ్యేదాకా ఆగండి. ఏడీఏ1 తీసేశాక మీ చేతిలో మిగిలేది ఏడీఏ0లో ఉన్న ఒకే ఒక్క కాపీ. అందులో ఎక్కడో చదవలేని బ్లాకు ఉంటే అప్పుడు దాన్ని బాగుచేయడానికి జోడీ ఉండదు. స్టేటస్‌లో ఏడీఏ0 వరుసలో రీడ్, రైట్, చెక్‌సమ్ మూడూ సున్నాలే కనబడాలి. చెక్‌సమ్ కింద అంకె కనబడితే అక్కడే ఆగి, ముందు కేబుల్, ఆ తర్వాత స్మార్ట్ రిపోర్టు చూడండి.

సర్వర్‌లో ఖాళీ బే (డిస్కు పెట్టే అర) ఉందా? అయితే మీ పని సగం సులువైనట్టే. పాత డిస్కు తీయకుండానే కొత్తది ఆ బేలో పెట్టి, 4, 5 మెట్లు వదిలేసి మిగతావి చేయండి. పాతది ఎంత కుంటుతున్నా, రీసిల్వర్ (కొత్త డిస్కులోకి డేటా నింపడం) పూర్తయ్యేవరకు అది కూడా ఒక చెయ్యి వేస్తుంది. నాకు వీలున్న ప్రతిసారీ ఇదే చేస్తాను.

2. తీయాల్సిన డిస్కును సీరియల్ నంబరుతో గుర్తుపట్టండి.

జియోమ్ డిస్క్ లిస్ట్ ఏడీఏ1

ఇందులో "ఐడెంట్" అన్న వరుసలో ఉండేదే సీరియల్ నంబరు. "స్మార్ట్‌సీటీఎల్ -ఐ" కూడా అదే చెబుతుంది. రెండు డిస్కులవీ కాగితం మీద రాసుకోండి. డిస్కు ఇప్పటికే చచ్చిపోయి నంబరు చెప్పకపోతే, బతికున్నదాని నంబరు రాసుకోండి. దానితో సరిపోలనిదే మీరు తీయాల్సింది.

ఈ మెట్టు నాకు ఒక రాత్రి నేర్పింది. రెండు బేల సర్వరు, తీయాల్సింది ఏడీఏ1. ముందు తలుపు మీద "1" అని ఉన్న బేలోంచి లాగేశాను. తలుపు మీద లెక్క 1 నుంచి, సిస్టమ్‌లో లెక్క 0 నుంచి. ఏడీఏ1ను అప్పటికే ఆఫ్‌లైన్ చేసి ఉన్నాను, లాగింది ఏడీఏ0. కన్సోల్ నిండా ఎర్రర్లు, పూల్ సస్పెండ్ అయింది, లాగిన్ కూడా కదలలేదు. డిస్కు తిరిగి తోసి, పవర్ తీసి వేస్తే లేచింది. డేటా పోలేదు గానీ, ఆ ఇరవై నిమిషాలూ ఫోను మోగుతూనే ఉంది. అప్పటి నుంచి ప్రతి డిస్కు ట్రే ముందు సీరియల్‌లోని చివరి నాలుగు అంకెలతో చిన్న స్టిక్కరు అంటిస్తాను.

బ్యాక్‌ప్లేన్‌కు సదుపాయం ఉంటే "సెస్‌యుటిల్ లొకేట్ ఏడీఏ1 ఆన్" అంటే ఆ బే లైటు వెలుగుతుంది. లేకపోతే బాగున్న డిస్కును డీడీతో డెవ్ నల్‌లోకి చదివిస్తూ ఉండండి. ఆగకుండా మెరిసే లైటు దానిది, దాన్ని ముట్టుకోకండి. డీడీలో ఇన్‌పుట్, అవుట్‌పుట్ తారుమారు కాకుండా ఎంటర్ కొట్టే ముందు వరుసంతా ఒకసారి చదవండి.

3. పార్టిషన్ల పటం తీసి పెట్టుకోండి.

జీపార్ట్ షో ఏడీఏ0
జీపార్ట్ షో -ఎల్ ఏడీఏ0
జీపార్ట్ బ్యాకప్ ఏడీఏ0 > /రూట్/ఏడీఏ0.జీపీటీ

మొదటిది రకాలు, రెండోది లేబుళ్లు చూపిస్తుంది. బయోస్, యూఈఎఫ్‌ఐ (పాత, కొత్త బూట్ పద్ధతులు) రెండింటికీ పనికొచ్చేలా ఇన్‌స్టాల్ చేసిన సర్వర్‌లో సాధారణంగా 1 ఈఎఫ్‌ఐ, 2 ఫ్రీబీఎస్‌డీ బూట్, 3 స్వాప్, 4 జడ్‌ఎఫ్‌ఎస్ ఉంటాయి. ఒక్కదానికే చేసిన సర్వర్‌లో ఈ అంకెలు జరుగుతాయి. మీ సర్వర్‌లో ఏది ఎన్నోదో కాగితం మీద రాయండి, కింద ఉన్న అంకెల్ని అలాగే ఎత్తి వాడకండి. ఆ ఫైలు కాపీ ఇంకో మెషీన్‌లో కూడా పెట్టండి.

4. స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు చోటు) సంగతి చూడండి. "స్వాప్‌ఇన్ఫో" అన్నప్పుడు ఏడీఏ1పీ3 (ఏడీఏ1లో మూడో పార్టిషన్) కనబడితే "స్వాప్ఆఫ్"తో దాన్ని ఆపండి. వాడుకలో ఉన్న స్వాప్‌ను ఊడబెరికితే ప్రాసెస్‌లు చనిపోతాయి, ఒక్కోసారి కెర్నలే పానిక్ అవుతుంది. స్వాప్ జీమిర్రర్ (జడ్‌ఎఫ్‌ఎస్‌తో సంబంధం లేని వేరే మిర్రర్) మీద ఉంటే ఆపక్కర్లేదు. డిస్కు తీశాక "జీమిర్రర్ ఫర్గెట్ స్వాప్", కొత్తది సిద్ధమయ్యాక "జీమిర్రర్ ఇన్‌సర్ట్ స్వాప్ ఏడీఏ1పీ3" అంటే చాలు.

5. ఆఫ్‌లైన్ చేసి, తీయండి.

జడ్‌పూల్ ఆఫ్‌లైన్ జడ్‌రూట్ ఏడీఏ1పీ4

స్టేటస్‌లో పూల్ "డిగ్రేడెడ్" అని, ఆ డిస్కు "ఆఫ్‌లైన్" అని వస్తుంది. కంగారు పడకండి, రావాల్సింది అదే. ఇక్కడ "డిటాచ్" వాడకండి. దాంతో డిస్కు మిర్రర్‌లోంచి పూర్తిగా వెళ్లిపోతుంది, మనసు మార్చుకుని తిరిగి తెచ్చుకోవాలంటే మొదటి నుంచి మొదలు.

హాట్‌స్వాప్ (నడుస్తుండగానే డిస్కు మార్చే వీలు) లేని సర్వరైతే షట్‌డౌన్ చేయండి. ఉంటే ట్రేను ఒక అంగుళం బయటికి లాగి అర నిమిషం ఆగండి. తిరిగే పళ్లాలున్న డిస్కయితే చేతికి సన్నటి వణుకు తెలుస్తుంది, అది ఆగాక పూర్తిగా తీయండి. తీసిన వెంటనే మీద ఉన్న సీరియల్‌ను కాగితంతో సరిచూడండి. తప్పు డిస్కు తీశారని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు.

6. కొత్తది పెట్టి, పేరు మళ్లీ చూడండి.

క్యామ్‌కంట్రోల్ రీస్కాన్ ఆల్
క్యామ్‌కంట్రోల్ డెవ్‌లిస్ట్

షట్‌డౌన్ చేసి మార్చినవాళ్లకు ఇక్కడే పెద్ద గుంట. బూట్ అయ్యాక పేర్లు జరిగిపోవచ్చు, నిన్నటి ఏడీఏ1 ఇవాళ ఏడీఏ0 కావచ్చు. జడ్‌ఎఫ్‌ఎస్ తన డిస్కుల్ని లోపలి లేబుళ్లతో గుర్తుపడుతుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. పేరు టైపు చేసేది మీరు, ఇబ్బంది మీకే. సీరియల్ మరోసారి చూడండి.

అది వేరే చోట వాడిన డిస్కయితే ముందు "జీపార్ట్ డిస్ట్రాయ్ -ఎఫ్", పాత పూల్ అవశేషాలుంటే "జడ్‌పూల్ లేబుల్‌క్లియర్ -ఎఫ్". రెండూ చెరిపేసే కమాండ్లే, డిస్కు పేరు రెండుసార్లు చదవండి.

7. పార్టిషన్ టేబుల్ కాపీ చేయండి.

జీపార్ట్ బ్యాకప్ ఏడీఏ0 | జీపార్ట్ రిస్టోర్ -ఎఫ్ ఏడీఏ1

ఎడమ పక్క పాతది, కుడి పక్క కొత్తది. రిస్టోర్‌కు "-ఎల్" ఇస్తే లేబుళ్లు కూడా వస్తాయి, కానీ ఇవ్వకండి. రెండు డిస్కుల మీదా ఒకే లేబుల్ ఉంటే లేబుల్‌తో పిలిచినప్పుడు ఎవరు పలుకుతారో చెప్పలేం. చేత్తోనే పెట్టండి:

జీపార్ట్ మాడిఫై -ఐ 4 -ఎల్ జడ్‌ఎఫ్‌ఎస్1 ఏడీఏ1

కొత్త డిస్కు పెద్దదైతే ఇప్పుడే "జీపార్ట్ రీసైజ్ -ఐ 4 ఏడీఏ1"తో చివరి పార్టిషన్ పెంచుకోవచ్చు. పూల్ మాత్రం రెండో డిస్కు కూడా పెద్దదయ్యాకే పెరుగుతుంది, అప్పుడు "జడ్‌పూల్ ఆన్‌లైన్ -ఈ" అనాలి.

బ్యాకప్‌లో ఉండే అంకెలు బైట్లు కావు, సెక్టార్లు. పాతది 512 బైట్ల సెక్టారు, కొత్తది 4కే నేటివ్ (4096 బైట్ల సెక్టారు) అయితే ఈ కాపీ పనికిరాదు, పార్టిషన్లు "జీపార్ట్ యాడ్"తో చేత్తో కట్టుకోవాలి. పూల్ యాషిఫ్ట్ 9తో, అంటే 512 బైట్ల సెక్టారు లెక్కతో కట్టినదైతే అలాంటి డిస్కు అసలు అందులోకి రాదు, వేరే డిస్కు చూసుకోండి.

8. బూట్ కోడు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ మెట్టే. మీ సర్వరు ఎలా బూట్ అయిందో ముందు అడగండి:

సిస్‌సీటీఎల్ మాక్‌డెప్.బూట్‌మెథడ్

బయోస్ అని వస్తే:

జీపార్ట్ బూట్‌కోడ్ -బీ /బూట్/పీఎంబీఆర్ -పీ /బూట్/జీపీటీజడ్‌ఎఫ్‌ఎస్‌బూట్ -ఐ 2 ఏడీఏ1

ఆ "-ఐ" పక్కన అంకె మీ ఫ్రీబీఎస్‌డీ బూట్ పార్టిషన్‌ది కావాలి. ఈఎఫ్‌ఐ లేని రోజుల్లో బూట్ పార్టిషన్ 1గా ఉండేది కాబట్టి పాత నోట్సులన్నిటిలో "-ఐ 1" అని ఉంటుంది. ఈఎఫ్‌ఐ మొదట్లో ఉన్న డిస్కు మీద అదే కొడితే ఈఎఫ్‌ఐ పార్టిషన్ మీద బూట్ కోడు పడి, అందులో ఉన్నది పోతుంది. ఈ పొరపాటు నేను చాలామంది చేతుల్లో చూశాను.

యూఈఎఫ్‌ఐ అని వస్తే:

న్యూఎఫ్‌ఎస్_ఎంఎస్‌డాస్ -ఎఫ్ 32 -సీ 1 /డెవ్/ఏడీఏ1పీ1
మౌంట్_ఎంఎస్‌డాస్‌ఎఫ్‌ఎస్ /డెవ్/ఏడీఏ1పీ1 /ఎంఎన్‌టీ
ఎంకేడిర్ -పీ /ఎంఎన్‌టీ/ఈఎఫ్‌ఐ/బూట్
సీపీ /బూట్/లోడర్.ఈఎఫ్‌ఐ /ఎంఎన్‌టీ/ఈఎఫ్‌ఐ/బూట్/బూట్ఎక్స్64.ఈఎఫ్‌ఐ

ఆ చివరి ఫైలు పేరు 64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషీన్లకు. ఆర్మ్ 64 అయితే "బూట్ఏఏ64" అని పెట్టాలి. అన్‌మౌంట్ చేసేలోపు "ఎస్‌హెచ్‌ఏ256"తో మూల ఫైలునూ కాపీ అయినదాన్నీ పోల్చండి. తర్వాత "ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ -వీ" కొట్టి బూట్ వరుసలో ఎవరెవరున్నారో చూడండి. తీసేసిన డిస్కు పేరు మీద ఎంట్రీ మిగిలి ఉంటే తొలగించి, కొత్త డిస్కుకు ఒకటి కట్టండి.

ఇంకో మాట. పని ఏడీఏ1 మీద చేస్తున్నా, ఏడీఏ0 ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను కూడా మౌంట్ చేసి లోపల చూడండి. ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచి ఒక డిస్కులోది ఖాళీగానే పడి ఉండటం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. అందులోనూ ఏమీ లేకపోతే మీ "మిర్రర్" ఇన్నాళ్లూ ఒంటికాలి మీద బూట్ అవుతోందన్నమాట.

9. ఇప్పుడు మిర్రర్‌లో కలపండి.

జడ్‌పూల్ రీప్లేస్ జడ్‌రూట్ ఏడీఏ1పీ4

కొత్తది అదే పేరుతో వస్తే ఒక్క పేరు చాలు. వేరే పేరైతే పాతదీ కొత్తదీ రెండూ ఇవ్వాలి. పాత డిస్కు స్టేటస్‌లో పేరు బదులు పొడుగాటి అంకెలా కనబడితే ఆ అంకెనే పాత పేరుగా ఇవ్వండి. స్టేటస్‌లో రీసిల్వర్ ఎంతవరకు వచ్చిందో కనబడుతుంది. జడ్‌ఎఫ్‌ఎస్ డేటా ఉన్న బ్లాకుల్నే కాపీ చేస్తుంది, కాబట్టి 2 టీబీ డిస్కులో 200 జీబీయే నిండి ఉంటే అంతే కదులుతుంది.

పాతదాన్ని అప్పటికే డిటాచ్ చేసేసినవాళ్లు "జడ్‌పూల్ అటాచ్ జడ్‌రూట్ ఏడీఏ0పీ4 ఏడీఏ1పీ4" అనాలి. అటాచ్, యాడ్ కాదు. "యాడ్" అంటే కొత్త డిస్కు జోడీగా రాదు, పక్కన ఇంకో గదిలా చేరుతుంది, డేటా రెండిటికీ పంచుకుంటుంది, ఏ ఒక్కటి పోయినా మొత్తం పోతుంది. పూల్ ఇంకా మిర్రర్‌గా ఉంటే జడ్‌ఎఫ్‌ఎస్ అడ్డుచెబుతుంది గానీ, మనవాళ్లు "-ఎఫ్" పెట్టి నోరు మూయిస్తారు. డిటాచ్ చేశాక ఒంటి డిస్కే మిగిలితే ఆ అడ్డు కూడా చెప్పదు. ఏదైనా కమాండు మిమ్మల్ని "-ఎఫ్" అడిగితే చేతులు కీబోర్డు మీంచి తీసి, ఎందుకు అడుగుతోందో చదవండి.

10. పరీక్ష. రీసిల్వర్ పూర్తయి ఎర్రర్లు 0 అని వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. షట్‌డౌన్ చేసి, పాత ఏడీఏ0ను ట్రేతో సహా కొంచెం బయటికి లాగి, కొత్త డిస్కు ఒక్కదానితో బూట్ చేయండి. లాగిన్ ప్రాంప్ట్ దాకా వస్తే నెగ్గారు. వెంటనే మళ్లీ షట్‌డౌన్ చేసి, ఏడీఏ0ను తోసి, ఆన్ చేయండి. ఆ మధ్యలో రాసిన కాసింత డేటాకు చిన్న రీసిల్వర్ అయి ముగుస్తుంది. కాకపోతే "జడ్‌పూల్ ఆన్‌లైన్" చెప్పండి.

ఒక హెచ్చరిక: కొత్తదానితో ఒంటరిగా బూట్ చేసి చూశాక, "అది కూడా చూద్దాం" అని వెంటనే పాతదానితో ఒంటరిగా బూట్ చేయకండి. రెండూ విడివిడిగా రాసుకుంటే చరిత్రలు రెండవుతాయి, కలిపినప్పుడు ఒకదానిలో రాసింది పోతుంది. మొదట రెండూ కలిసి, రీసిల్వర్ అయ్యాకే రెండో పరీక్ష.

సర్వరు దూరాన ఉండి డిస్కు లాగలేకపోతే బూట్ మెనూలో కొత్త డిస్కును ఎంచుకుని చూడండి. ఇది సగం పరీక్షే, బూట్ కోడు పనిచేస్తోందని తెలుస్తుంది, అంతే.

క్లోన్ తీయడం

ముందు ఒక ప్రశ్న. క్లోన్ ఎందుకు? అప్‌గ్రేడ్ చెడితే వెనక్కి రావడానికే అయితే డిస్కులతో పనే లేదు. "బీఈసీటీఎల్ క్రియేట్ ముందు" అని ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్ (సిస్టమ్ ఇప్పటి స్థితికి బూట్ చేయగల కాపీ) పెట్టుకోండి, చెడితే లోడర్ మెనూలో దాన్ని ఎంచుకోండి. అడిగేవాళ్లలో ఎక్కువమందికి ఇదే సరిపోతుంది.

వేరే మెషీన్‌లో పెట్టడానికో, బీరువాలో దాచడానికో నిజంగా డిస్కే కావాలంటే "స్ప్లిట్" వాడండి. మిర్రర్ పూర్తి ఆరోగ్యంగా ఉండాలి, రీసిల్వర్ నడుస్తూ ఉండకూడదు.

జడ్‌పూల్ స్ప్లిట్ -ఎన్ జడ్‌రూట్ జడ్‌క్లోన్ ఏడీఏ1పీ4
జడ్‌పూల్ స్ప్లిట్ జడ్‌రూట్ జడ్‌క్లోన్ ఏడీఏ1పీ4

"-ఎన్" ఉన్నది ఉత్తుత్తి పరుగు, ఏం జరుగుతుందో చూపిస్తుంది, చేయదు. రెండోదానితో ఏడీఏ1 కొత్త పేరు, కొత్త గుర్తింపు ఉన్న పూల్ అయిపోతుంది, ఎక్స్‌పోర్ట్ అయి ఉంటుంది. డిస్కు తీసుకెళ్లిపోవచ్చు. ఏడీఏ1లో స్వాప్ నడుస్తుంటే నాలుగో మెట్టు ఇక్కడా వర్తిస్తుంది. ఖాళీ అయిన చోట ఇంకో డిస్కు పెట్టి, 6 నుంచి 8 వరకు మెట్లు చేసి, "అటాచ్"తో మిర్రర్ మళ్లీ నిలబెట్టండి. మూడో డిస్కును ముందే అటాచ్ చేసి, మూడు కాపీలయ్యాక దాన్నే స్ప్లిట్ చేస్తే సర్వరు ఒక్క నిమిషం కూడా ఒంటి డిస్కు మీద ఉండదు.

నడుస్తున్న డిస్కును ఊరికే లాగేసి "ఇదే క్లోన్" అనుకునేవాళ్లున్నారు. దాని పూల్ పేరూ గుర్తింపూ అసలుదానివే. ఎప్పుడో మరచిపోయి అదే సర్వర్‌లో పెడితే రీసిల్వర్ మొదలై, మీరు దాచుకున్న పాత స్థితి తుడుచుకుపోతుంది. డిటాచ్ చేసి లాగినదైతే మామూలుగా ఇంపోర్టే కాదు. ఇక డీడీతో మొత్తం డిస్కు కాపీ తీయడం, అదీ సర్వరు నడుస్తుండగా, దయచేసి వద్దు.

క్లోన్‌ను వేరే మెషీన్‌లో తొలిసారి లేపేటప్పుడు నెట్‌వర్క్ కేబుల్ ఊడదీసే ఉంచండి. ఒకే ఐపీతో రెండు మెషీన్లు మాట్లాడితే అసలు సర్వరు కూడా కిందపడినట్టే కనబడుతుంది. కన్సోల్‌లో కూర్చుని ఇవి మార్చండి: ఆర్‌సీ.కాన్ఫ్‌లో హోస్ట్ పేరు, ఐపీ, నెట్‌వర్క్ కార్డు పేరు, ఈటీసీలో హోస్ట్ఐడీ, పాత ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు తీసేసి కొత్తవి. ఎఫ్‌స్టాబ్‌లో స్వాప్ వరుస పాత డిస్కు పేరుతో ఉందేమో, లోడర్.కాన్ఫ్‌లో ఎవరైనా రూటు దారిని "జడ్‌రూట్" అని చేత్తో రాశారేమో చూడండి. "జడ్‌పూల్ గెట్ బూట్‌ఎఫ్‌ఎస్ జడ్‌క్లోన్" ఖాళీగా వస్తే "జడ్‌క్లోన్/రూట్/డిఫాల్ట్"కు సెట్ చేయండి.

అయ్యాక రెండు పనులు

పీరియాడిక్.కాన్ఫ్‌లో "డైలీ_స్టేటస్_జడ్‌ఎఫ్‌ఎస్_ఎనేబుల్", "డైలీ_స్క్రబ్_జడ్‌ఎఫ్‌ఎస్_ఎనేబుల్" రెండింటికీ "యెస్" అని పెట్టండి. మొదటిది పూల్ పరిస్థితి రోజూ మెయిల్‌లో పంపుతుంది, రెండోది మామూలుగా 35 రోజులకోసారి స్క్రబ్ నడుపుతుంది. ఆ మెయిల్ ఎవరైనా చదివే పెట్టెకు వెళ్తోందో లేదో కూడా చూడండి. డిగ్రేడెడ్ అని నెలల తరబడి రూట్ మెయిల్‌బాక్సులో చెప్పుకుంటూ ఉన్న సర్వర్లు నాకు తెలుసు.

రెండోది, ఎప్పుడైనా "జడ్‌పూల్ అప్‌గ్రేడ్" కొట్టాలనిపిస్తే, దానికి ముందే రెండు డిస్కుల మీదా ఎనిమిదో మెట్టు మళ్లీ చేయండి. పాత బూట్ కోడుకు కొత్త పూల్ ఫీచర్లు అర్థం కాకపోవచ్చు. ఒక డిస్కుకు చేసి రెండోదాన్ని మరచిపోతే, ఆ మరచిపోయిన డిస్కే ఏదో ఒక రోజు ఒంటరిగా బూట్ కావాల్సి వస్తుంది.